ధర్మపురిలో సైన్సు విద్యార్థి: ప్లస్ వన్ గ్రూపు నుంచి కొలువు దాకా

తమిళనాడు వాయవ్య భాగంలో ఉన్న ధర్మపురి జిల్లాలో పదో తరగతి తర్వాత సైన్సు తీసుకున్న పిల్లల ముందు ఏ చదువులున్నాయి, వాటిలో సీటు ఎలా వస్తుంది, అవి ఏ కొలువులకు చేరుస్తాయి అన్నది తెలుగు రాష్ట్రాల పాఠకులకు కొంత కొత్తగా అనిపించే సంగతి. ఇక్కడ ఇంజనీరింగ్‌కు ప్రవేశ పరీక్ష లేదు. వైద్యానికి మాత్రం జాతీయ పరీక్ష తప్పదు. ప్లస్ టూ ఫలితాలు వచ్చే మే నెలలో ఇళ్లలో సాగే చర్చ చూస్తే ఎంపిక అప్పుడే జరుగుతోందనిపిస్తుంది. నిజానికి అందులో చాలా భాగం రెండేళ్ల కిందట, ప్లస్ వన్‌లో గ్రూపు పేరు రాసిన రోజునే తేలిపోయి ఉంటుంది.

ముందుగా ఒక స్పష్టత. ఇది గోదావరి ఒడ్డున నరసింహస్వామి కొలువైన జగిత్యాల జిల్లా ధర్మపురి కాదు. కావేరి హొగెనకల్ దగ్గర జలపాతాలై దూకే జిల్లా. సంగం కాలంలో అతియమాన్ ఏలిన తగడూరు ఇదే.

జిల్లా

సేలం జిల్లా నుంచి విడదీసి 1965 అక్టోబరు 2న ధర్మపురి జిల్లాను ఏర్పాటు చేశారు. 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి వేరు జిల్లా అయ్యేదాకా, తెలుగువారు ఎక్కువగా ఉండే హోసూరు, డెంకణికోట ప్రాంతాలు కూడా ఇందులోనివే. విడిపోయాక మిగిలిన పాలక్కోడు, పెన్నాగరం, హరూరు, పాప్పిరెడ్డిపట్టి, నల్లంపల్లి, కారిమంగళం తాలూకాల్లోనూ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తక్కువేమీ కాదు. ఊళ్ల పేర్లే ఆ మాట చెబుతాయి.

2011 జనగణన ప్రకారం జిల్లా జనాభా 15,06,843. అక్షరాస్యత 68.54 శాతం. రాష్ట్ర సగటు 80.09 కాగా, జిల్లాల వరుసలో ధర్మపురిది చిట్టచివరి స్థానం. ఆ లెక్క పక్కన ఇంకొకటి పెట్టి చూడాలి. 2021-22 అఖిల భారత ఉన్నత విద్య సర్వేలో తమిళనాడు స్థూల ప్రవేశ నిష్పత్తి 47 శాతం, దేశ సగటు 28.4. అంటే చదువుకోని తల్లిదండ్రుల పిల్లలు, కాలేజీకి పోవడం మామూలు విషయమైన రాష్ట్రంలో ఉన్నారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కేవారిని ఇక్కడ 'ఫస్ట్ గ్రాడ్యుయేట్' అంటారు. అది దరఖాస్తు ఫారంలో ఒక గడి కూడా. ఆ ధ్రువపత్రం ఉంటే కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన వృత్తివిద్య సీటుకు ట్యూషన్ ఫీజు రాయితీ దొరుకుతుంది.

గ్రూపు

తమిళనాడులో 1978లో పీయూసీ స్థానంలో హయ్యర్ సెకండరీ వచ్చింది. ఆంధ్ర, తెలంగాణల్లో ఇంటర్మీడియట్‌కు కాలేజీ మారాలి, ఇక్కడ అదే బడిలో ప్లస్ వన్, ప్లస్ టూ చదువుతారు. ఎంపీసీ, బైపీసీ అన్న పేర్లు వినిపించవు. గణితం, భౌతికం, రసాయనం, జీవశాస్త్రం నాలుగూ ఉన్నదాన్ని జనం 'ఫస్ట్ గ్రూప్' అంటారు. జీవశాస్త్రం స్థానంలో కంప్యూటర్ సైన్స్ పెడితే ఇంకో గ్రూపు. గణితం లేకుండా వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం విడివిడిగా చదివితే 'ప్యూర్ సైన్స్'. రెండో గ్రూపు, మూడో గ్రూపు అన్న వరుస బడిని బట్టి మారుతుంది కనుక అంకెను కాక సబ్జెక్టులను చూసుకోవాలి.

దారులు చీలేది ఇక్కడే. ప్యూర్ సైన్స్ తీసుకుంటే రాష్ట్ర ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు కావలసిన గణితం ఉండదు. కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే నీట్‌కు కావలసిన జీవశాస్త్రం ఉండదు. ఫస్ట్ గ్రూప్ రెండు తలుపులనూ తెరిచి ఉంచుతుంది, కానీ ఆ బరువు అందరూ మోయలేరు. జీవశాస్త్రం చదవని విద్యార్థి ప్లస్ టూ తర్వాత దాన్ని అదనపు సబ్జెక్టుగా రాసి నీట్‌కు అర్హత పొందవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. పదహారేళ్లప్పుడు చేసిన ఎంపికను దిద్దుకునే వీలు అలా ఒకటి ఏర్పడింది. చిన్న ఊరి బడిలో ఉన్న పిల్లవాడికి ఆ సంగతి చెప్పేవారు ఉంటేనే అది పనికొస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. గ్రూపును చాలా సందర్భాల్లో విద్యార్థి కాక పదో తరగతి మార్కులు ఎంపిక చేస్తాయి. మార్కులు బాగా వచ్చినవారికి ఫస్ట్ గ్రూప్, కాస్త తగ్గితే ప్యూర్ సైన్స్, ఇంకా తగ్గితే కామర్స్ లేదా వృత్తివిద్య గ్రూపు అన్నట్టు పంచే అలవాటు బడుల్లో ఉంది. గణితమంటే గిట్టని పిల్ల మంచి మార్కులు తెచ్చుకున్న పాపానికి రెండేళ్లు గణితంతో కుస్తీ పడుతుంది. ఆ వేళ ఇంటివాళ్లు అడగాల్సింది 'ఏ గ్రూపు గొప్ప' అని కాదు, ఏ గ్రూపు ఏ కోర్సును మూసేస్తుందని.

2017-18లో ప్లస్ వన్‌కూ పబ్లిక్ పరీక్ష పెట్టి, మొత్తం మార్కులను 1200 నుంచి 600కు తగ్గించారు. 2025 ఆగస్టులో విడుదలైన రాష్ట్ర విద్యా విధానంతో ప్లస్ వన్ పబ్లిక్ పరీక్ష రద్దయింది. దాంతో చాలా ప్రైవేటు బడులకున్న పాత అలవాటు, అంటే ప్లస్ వన్ పాఠాలు దాటేసి రెండేళ్లూ ప్లస్ టూ పుస్తకాలే రుద్దించడం, మళ్లీ మొదలవుతుందేమోనన్న అనుమానం ఉపాధ్యాయుల్లో ఉంది. నీట్, జేఈఈ ప్రశ్నల్లో సగం దాకా పదకొండో తరగతి పాఠాల నుంచే వస్తాయి కాబట్టి ఈ అనుమానాన్ని కొట్టిపారేయలేం.

మార్కులతో వచ్చే సీట్లు

తమిళనాడులో వృత్తివిద్యకు 1984 నుంచి ఉన్న రాష్ట్ర ప్రవేశ పరీక్షను 2006 చట్టంతో ఎత్తేశారు. దాదాపు అదే కాలంలో, 1986లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఎంసెట్ పేర్లు మార్చుకుంటూ నేటికీ సాగుతోంది. రెండు సమాజాల్లో పిల్లల కౌమారం వేరువేరుగా గడవడానికి ఇదో కారణం. విజయవాడ, హైదరాబాద్‌లలో ర్యాంకు మాట. ఇక్కడ 'కటాఫ్' మాట.

కటాఫ్ లెక్క సులువు. గణితం 100కు, భౌతికం 50కి, రసాయనం 50కి కుదించి, మొత్తం 200కు చూస్తారు. గణితంలో 90, భౌతికంలో 80, రసాయనంలో 84 వస్తే 90, 40, 42 కలిపి 172. తమిళం, ఇంగ్లిషు మార్కులు ఇందులోకి రావు. అన్నా విశ్వవిద్యాలయం నడిపిన ఈ కౌన్సెలింగ్ 2018లో ఆన్‌లైన్ అయింది. 2019 నుంచి సాంకేతిక విద్యా డైరెక్టరేట్ చేతిలో ఉంది. రాష్ట్రంలో నాలుగు వందలకు పైగా ఇంజనీరింగ్ కాలేజీలుండటంతో సీటు దొరకడం కష్టం కాదు. అసలు పని ఆప్షన్లు పెట్టే వరుసలో ఉంటుంది. జిల్లాలో చెట్టికరై దగ్గర 2013లో మొదలైన ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. పక్కన బర్గూరులో 1994 నాటిది, సేలంలో 1966 నాటిది ఉన్నాయి. పాత ప్రభుత్వ కాలేజీలో సివిల్ లేదా మెకానికల్ మేలా, కొత్త ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ మేలా అన్న ప్రశ్న దగ్గర ఇళ్లు రెండుగా చీలిపోతాయి. ఫీజు, అధ్యాపకులు, ఆ బ్రాంచి నుంచి నిరుడు ఎంతమందికి కొలువులు వచ్చాయి అన్నవి ముందు చూసి, బ్రాంచి పేరు తర్వాత చూడటం మంచిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

వ్యవసాయం, పశువైద్యం, మత్స్యశాస్త్రం రాష్ట్ర కోటా సీట్లూ ప్లస్ టూ మార్కులతోనే వస్తాయి. బీఎస్సీ నర్సింగ్, బీఫార్మసీ, రేడియాలజీ వంటి కోర్సులకూ రాష్ట్ర కోటాలో ఇప్పటిదాకా మార్కులే కొలమానం. తెల్ల కోటు వేసుకోవాలంటే నీట్ తప్ప దారి లేదనుకునే ఇళ్లలో ఈ సంగతి తరచూ మరుగున పడుతుంది. నర్సింగ్ చదివినవారికి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్, 1978లో పుట్టినది, విదేశీ కొలువులు చూపుతుంది.

నీట్

ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల 2008లో 100 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. 2022లో కృష్ణగిరిలోనూ ఒకటి వచ్చింది. 2016 దాకా ఆ సీట్లు జీవశాస్త్రం, భౌతికం, రసాయనాల ప్లస్ టూ మార్కులతో వచ్చేవి. 2017లో నీట్ తప్పనిసరి అయింది. ఆ ఏడాది సెప్టెంబరు 1న, ప్లస్ టూలో 1200కు 1176 తెచ్చుకుని కూడా సీటు రాని అరియలూరు విద్యార్థిని అనిత ప్రాణం తీసుకుంది. నీట్ వద్దన్న వాదన ఆనాటి నుంచి రాష్ట్ర రాజకీయాల్లో చల్లారలేదు. జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ నివేదిక, 2021 సెప్టెంబరు 13న శాసనసభ ఆమోదించిన మినహాయింపు బిల్లు, 2025 ఏప్రిల్‌లో బయటపడిన రాష్ట్రపతి తిరస్కరణ ఆ వరుసలోనివి.

రాజకీయం సంగతి అలా ఉంచి, విద్యార్థికి పనికొచ్చింది 2020 చట్టం. ఆరో తరగతి నుంచి ప్లస్ టూ దాకా ప్రభుత్వ బడిలోనే చదివి నీట్‌లో అర్హత పొందినవారికి వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయించారు. అంతకుముందు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ప్రభుత్వ బడుల నుంచి ఎంబీబీఎస్‌లో చేరేవారు, ఆ సంఖ్య వందల్లోకి పెరిగింది. 2021లో ఇంజనీరింగ్, వ్యవసాయం, పశువైద్యం, న్యాయవిద్యలకూ ఈ కోటా విస్తరించింది. కాబట్టి పిల్లల్ని ఐదో తరగతి తర్వాత ప్రైవేటు బడికి మార్చాలా వద్దా అన్నదే ధర్మపురిలో ఇప్పుడు పైచదువుల నిర్ణయాల్లో మొదటిది అనుకోవచ్చు. మధ్యలో ఒక్క ఏడాది మారినా ఆ కోటా పోతుంది.

నీట్ ఎన్నిసార్లయినా రాయవచ్చు. అదే దాని ఆకర్షణ, అదే దాని ఉచ్చు. రెండోసారి రాసేవారు ఏదో ఒక డిగ్రీలో చేరి రాయడం, ఖాళీగా ఇంట్లో కూర్చుని రాయడం కంటే నయం. మూడో ఏడాదీ కోచింగ్‌లోనే గడిపినవారికి పోయిన కాలాన్ని ఏ కోటా తిరిగి ఇవ్వదు.

తెలుగు ఇంటి పిల్లలు

నీట్, జేఈఈ మెయిన్ రెండింటికీ తెలుగులో ప్రశ్నపత్రం ఉంది. కానీ ప్రాంతీయ భాషా పత్రాలు ఆయా రాష్ట్రాల కేంద్రాల్లోనే ఇస్తారు కనుక తెలుగు పత్రం ఆంధ్ర, తెలంగాణలకే పరిమితం. పాలక్కోడు పిల్లవాడు తన జిల్లాలో రాయాలంటే ఇంగ్లిషో తమిళమో ఎంచుకోవాలి. 2006 తమిళ అభ్యసన చట్టంతో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. భాషా అల్పసంఖ్యాక విద్యార్థుల మినహాయింపు కోసం హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా కేసులు నడిచాయి. బడిలో తమిళం తప్పించుకున్నవారికి అది తర్వాత ఉద్యోగ పరీక్షల్లో ఎదురవుతుంది. 2021 డిసెంబరు ఉత్తర్వులతో రాష్ట్ర ప్రభుత్వ నియామక పరీక్షల్లో తమిళ అర్హత పత్రంలో 40 శాతం తెచ్చుకోవడం తప్పనిసరి. పైగా 2010 చట్టం కింద తమిళ మాధ్యమంలో చదివినవారికి నియామకాల్లో 20 శాతం ప్రాధాన్యం ఉంది. 2020 సవరణ తర్వాత డిగ్రీ ఒక్కటే కాదు, కింది తరగతులూ తమిళంలోనే చదివి ఉండాలి. డిగ్రీ తర్వాత సర్కారు కొలువే లక్ష్యమైతే, ఏ మాధ్యమం అన్న నిర్ణయం ప్లస్ వన్ గ్రూపు కంటే కూడా ముందుదన్నమాట.

తాతల ఊరు చిత్తూరు జిల్లాలో ఉన్నంత మాత్రాన ఆంధ్ర కాలేజీల్లో స్థానికత రాదు. అది చదివిన, నివసించిన చోటును బట్టి ఉంటుంది. బదులుగా తమిళనాడులోనే తెలుగు భాషా అల్పసంఖ్యాక హోదా ఉన్న కాలేజీలు కొన్ని ఉన్నాయి. కవరైపేట్టైలోని ఆర్.ఎం.కె. ఇంజనీరింగ్ కాలేజీ వాటిలో ఒకటి. ఇలాంటి అల్పసంఖ్యాక కాలేజీలు 50 శాతం సీట్లు ప్రభుత్వ కౌన్సెలింగ్‌కు ఇస్తాయి, మిగతా ప్రైవేటు కాలేజీలు 65 శాతం ఇస్తాయి. రిజర్వేషన్లలో ఎస్సీ వాటా 18 శాతంలో 3 శాతం అరుంధతీయులకు 2009లో విడిగా ఇచ్చారు. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఎక్కువగా ఉన్న సమూహమది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ ఉపవర్గీకరణను సమర్థించినప్పుడు ఈ చట్టమూ నిలిచింది. కుల ధ్రువపత్రంలో ఉపకులం సరిగా రాయించుకోకపోతే ఈ 3 శాతం కాగితం మీదే ఉంటుంది. ఆ పని ప్లస్ టూ పరీక్షలకు ముందే తాలూకా ఆఫీసులో చూసుకోవాలి.

కోయంబత్తూరు చుట్టుపక్కల కొంగునాడు ప్రాంతపు తెలుగు కుటుంబాలు తమ పిల్లలకు మాత్రమే కాక అందరికీ విద్యాసంస్థలు కట్టిన చరిత్ర కూడా ఉంది. కోయంబత్తూరు పీఎస్‌జీ టెక్ 1951లో అలాంటి నాయుడు కుటుంబ ధర్మసంస్థ చేతుల మీద పుట్టింది. బడి చదువు మధ్యలో ఆపేసిన జి.డి. నాయుడు తోడ్పాటుతో 1945లో మొదలైన ఆర్థర్ హోప్ సంస్థే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

ఆర్ట్స్ కాలేజీ దారి

పత్రికల్లో నీట్, జేఈఈ నిండి ఉన్నా, ధర్మపురి సైన్సు విద్యార్థుల్లో చాలామంది చేరేది బీఎస్సీలోనే. జిల్లా పుట్టిన 1965లోనే వచ్చిన ధర్మపురి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ, కారిమంగళం మహిళా కాలేజీ, పాప్పిరెడ్డిపట్టి, పెన్నాగరం కాలేజీలు వీరి చదువుకు ఆధారం. భాషలు పోగా నాలుగు సబ్జెక్టుల 400 మార్కులతో ర్యాంకు ఇస్తారు. ఫీజు నామమాత్రం. ఎమ్మెస్సీకి 1997లో ఏర్పడిన సేలం పెరియార్ విశ్వవిద్యాలయపు పీజీ విస్తరణ కేంద్రం పైసుహల్లిలో ఉంది.

ఈ దారి గురించి చెప్పే పెద్దలు తక్కువ. అందుకే బీఎస్సీ రసాయనం చదివిన అబ్బాయి, పదో తరగతి చాలు అనే గ్రూప్ 4 పరీక్షకు లైబ్రరీలో కూర్చుని చదువుతూ కనిపిస్తాడు. అందులో తప్పు లేదు, స్థిరమైన కొలువు చిన్న విషయం కాదు. కానీ రసాయనం అక్కడితో ఆగిపోతుంది. ఆగకుండా సాగే దారులు కొన్ని ఉన్నాయి. బోధన మొదటిది. బీఎస్సీ, రెండేళ్ల బీఎడ్, టెట్ కలిస్తే హైస్కూలు ఉపాధ్యాయుడి అర్హత, ఎమ్మెస్సీ, బీఎడ్ కలిస్తే ప్లస్ టూ బోధన. డిగ్రీలో చదివిందే పీజీలోనూ కొనసాగించాలి, మధ్యలో సబ్జెక్టు మార్చినవారు నియామకాల వేళ ఇబ్బంది పడతారు.

రెండోది పరిశోధన. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి తలుపు జామ్ పరీక్ష. దాని పేరు బీఎస్సీ మూడో ఏట వింటే ఆలస్యమైనట్టే, రెండో ఏట నుంచే పాత ప్రశ్నపత్రాలు పట్టుకోవాలి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ప్లస్ టూ అయిన వెంటనే పరిశోధన వైపు వెళ్లదలిస్తే 2015లో తెరిచిన తిరుపతి ఐసర్ వేలూరు మీదుగా అందే దూరంలోనే ఉంది, బెంగళూరు సంస్థ 2011 నుంచి నాలుగేళ్ల బీఎస్ నడుపుతోంది. ఐసర్ ప్రవేశ పరీక్ష ఈ రెండు చోట్లకూ పనికొస్తుంది. బోర్డు పరీక్షల్లో పై ఒక శాతంలో నిలిచి మౌలిక శాస్త్రాలు చదివేవారికి ఇన్‌స్పైర్ పథకం ఏడాదికి 80,000 రూపాయల ఉపకార వేతనం ఇస్తుంది. అంత మార్కులు తెచ్చుకున్న పిల్లను బీఎస్సీకి పంపడం చాలా ఇళ్లలో అవమానంగా భావిస్తారు. ఆ డబ్బు ఏటా అందుకోవాల్సినవారు ఇంజనీరింగ్‌లో ఉంటారు.

మద్రాసు ఐఐటీ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు, అర్హత దశ దాటితే చాలు. ఆర్ట్స్ కాలేజీలో రెగ్యులర్ బీఎస్సీ చదువుతూనే దీన్నీ చేసేవారున్నారు.

నేల, నీరు, పట్టు

ధర్మపురి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. నల్గొండ పాఠకులకు వివరించి చెప్పక్కర్లేదు. జపాన్ సంస్థ జైకా రుణంతో హొగెనకల్ నుంచి కావేరి నీళ్లు తెచ్చే తాగునీటి పథకం 2013లో ప్రారంభమైంది. నీటి పరీక్షలు, ప్రజారోగ్యం, భూగర్భ జల శాస్త్రం చదివినవారికి సొంత జిల్లాలోనే పని ఉందని ఆ పథకం చూపిస్తుంది. హరూరు చుట్టుపక్కల శిలల్లో మాలిబ్డినం నిక్షేపాలను భారత భూగర్భ సర్వే శోధించింది, గ్రానైట్ క్వారీలు సరేసరి. అయినా భూగర్భశాస్త్రం పేరెత్తే విద్యార్థి అరుదు. సేలంలో ఆ కోర్సు ఉంది, సర్వే ఉద్యోగాలకు యూపీఎస్సీ ప్రత్యేక పరీక్ష పెడుతుంది, పోటీ ఇంజనీరింగ్ అంత ఉండదు.

జిల్లా పట్టుగూళ్ల మార్కెట్ రాష్ట్రంలో పెద్దవాటిలో ఒకటి. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం మేట్టుపాళయం అటవీ కళాశాలలో పట్టుపరిశ్రమపై బీఎస్సీ ఆనర్స్ నడుపుతోంది. మల్బరీ తోటల మధ్య పెరిగిన పిల్లలు ఆ కోర్సులో మిగతావారికంటే ముందుంటారు. పాలక్కోడు, హరూరు దగ్గరి సహకార చక్కెర మిల్లుల ప్రయోగశాలలకూ రసాయనం చదివినవారు కావాలి.

హోసూరు వైపు

టీవీఎస్, అశోక్ లేలాండ్, టైటాన్ ఉన్న హోసూరుకు ఇప్పుడు టాటా ఎలక్ట్రానిక్స్, కృష్ణగిరి జిల్లా పోచంపల్లి దగ్గర ఓలా కర్మాగారం తోడయ్యాయి. ఇవి తొందరగా పనిలో పెట్టుకునేది డిప్లొమా, ఐటీఐ చదివినవారిని. డిప్లొమాకు పదో తరగతి తర్వాత మూడేళ్లు, ప్లస్ టూ సైన్సు తర్వాత నేరుగా రెండో ఏడాదిలో చేరితే రెండేళ్లు. కొన్నాళ్లు పనిచేసి బీఈ రెండో ఏడాదిలో చేరే వీలూ ఉంది. అప్పు చేసి నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదవడం కంటే చాలా కుటుంబాలకు ఇది లెక్కకు వస్తుంది.

ఖర్చు సంగతికొస్తే, ప్రభుత్వ బడిలో చదివిన అమ్మాయిలకు 2022 సెప్టెంబరు 5న మొదలైన పుదుమై పెణ్ పథకం చదువు పూర్తయ్యేదాకా నెలకు 1,000 రూపాయలిస్తుంది, 2024 ఆగస్టు నుంచి అబ్బాయిలకు తమిళ్ పుదల్వన్ అంతే ఇస్తోంది. ఒకప్పుడు ఆడశిశు హత్యలకు పేరుపడి, వద్దనుకున్న శిశువులను ప్రభుత్వం తీసుకునే ఊయల శిశు పథకం విస్తరించాల్సి వచ్చిన జిల్లాలో ఆ వెయ్యి రూపాయలు బస్సు ఖర్చుకే కాదు, పెళ్లి మాట ఇంకో మూడేళ్లు వాయిదా వేయడానికీ సాకుగా పనికొస్తున్నాయి. బ్యాంకు విద్యారుణంలో 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు.

ప్లస్ టూలో ఒక సబ్జెక్టు తప్పినవారికి ఆ ఏడాది పోయినట్టు కాదు. కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది, అందులో గట్టెక్కినవారికి ఇంజనీరింగ్‌లో మిగిలిన సీట్ల కోసం అనుబంధ కౌన్సెలింగ్ జరుగుతుంది.